నర్సమ్మగారి ఒకటో బెడ్డు

నర్సమ్మగారు పోయారన్న కబురు కొబ్బరి షావుకారుగారు ఫోన్లో చెప్పారు. పొద్దున్న ఏడు దాటింది. "టీచరుగారండీ, నర్సమ్మగారు ఇంక లేరండి. తెల్లారగట్ట గుండెల్లో నొప్పొచ్చిందంట. అమలాపురం తీసుకెళ్తుంటే దార్లోనే అయిపోయిందండి," అన్నారు.

నేను అడిగిన మొదటి మాట: "అయితే ఇవాళ కొట్లో అన్నం ఎవరు పెట్టారు?"

అవతల ఆయన నన్ను రాతిగుండెదానిగా జమకట్టుకుని ఉంటారు. నలభయ్యేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఆ అభిప్రాయం నాకు కొత్త కాదు. కాని నర్సమ్మగారికి ఆ ప్రశ్న వినిపించి ఉంటే సంతోషించేవారు. ఆవిడ చెల్లెలి భర్త పోయినప్పుడు రాజోలు వెళ్ళి, శవం పక్కన కూర్చుని నాకు ఫోన్ చేసి, "తొమ్మిదో బెడ్డుకి మాత్ర పెరుగులో కలిపేరాండీ?" అని అడిగిన మనిషి ఆవిడ.

తెలియనివారికి చెప్పాలి. మా అంబాజీపేట పక్కన కాలువకి అవతలి గట్టు మీద ఒక పాత కొబ్బరి కొట్టు ఉంది. పెంకుల కప్పు, ముందు పొడుగాటి వసారా. ఒకప్పుడు అందులో కురిడీ కొబ్బరికాయలు ఎండబెట్టేవారు. ఇప్పుడు దిక్కులేని కుక్కలూ పిల్లులూ ఉంటాయి. ఉంటాయంటే పడి ఉండడం కాదు. జబ్బు చేసినవాటికి వైద్యం జరుగుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను జరుగుతుంది. కొన్ని ఇళ్ళకి పెంపకానికి వెళతాయి, కొన్ని ఏ వీధి నుంచి వచ్చాయో ఆ వీధికే వెళతాయి, ఎక్కడికీ వెళ్ళలేనివి అక్కడే ముసలివై పోతాయి. చోటు చాలలేదని, మచ్చిక కాలేదని, ఎవరూ అడగలేదని చంపడం మాత్రం ఉండదు. గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంటుంది: "లోపలికి వచ్చినదాన్ని చంపం. గుమ్మంలో వదిలి పారిపోకండి. పిలవండి. తిట్టం." ఆ చివరి మాట ఆవిడది. నన్ను అడిగితే ఆ ఒక్కటీ రాసేదాన్ని కాదు.

ఆవిడ మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇరవైకీ నలభైకీ మధ్య ఉన్నవాళ్ళలో సగం మంది ఆవిడ చేతిలో పుట్టినవాళ్ళే, మిగిలిన సగం ఆవిడ సూదికి ఏడ్చినవాళ్ళు. ఉద్యోగం అయిపోయినా నర్సమ్మగారు నర్సమ్మగారే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "డ్యూటీలు కుదరలేదండీ," అనేవారు, బస్సు తప్పిపోయినట్టు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ మా ఇంటికి ఇంజెక్షన్లు ఇవ్వడానికి వచ్చేవారు. మా అత్తగారు కాఫీ ఇచ్చేవారు, ఇవ్వకుండా పంపడమన్నది లేదు. కాకపోతే ఆ గ్లాసు పెరటి గూట్లో విడిగా ఉండేది. ఆవిడే తాగి, కడిగి, ఆ గూట్లోనే బోర్లించి వెళ్ళేవారు. నేను బి.ఎస్సీ. చదివి వచ్చిన కోడలిని. చూస్తూ ఊరుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం ఊరుకున్నామంటే ఇద్దరిదీ ఒకటే ఊరుకోవడం కాదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదేళ్ళ కిందట మా ఇంట్లో ఒక పిల్లి ఉండేది. బూడిదరంగు చారలు, తెల్లటి గొంతు. నేను పెంచలేదు, అదే పెరిగింది. పాలు తాగిందని తిట్టేదాన్ని, ఎలుకని పట్టిందని మెచ్చుకునేదాన్ని, మొత్తమ్మీద సంసారం సాగేది. దాని తప్పల్లా ఏడాదికి రెండు మూడు సార్లు పిల్లల్ని పెట్టడం. ఒకసారి బియ్యం డ్రమ్ము వెనక, ఒకసారి మా ఆయన పంచెల బీరువాలో, ఒకసారి పూజగదిలో పీట కింద. ఆ మూడోసారితో నాకు ఓపిక పోయింది. నాలుగు నెలలు తిరిగేసరికి మళ్ళీ కడుపు కనిపించింది.

మా వైపు ఇలాంటివాటికి ఒక పద్ధతి ఉంది. పిల్లిని గోనెలో వేసి నీళ్ళు దాటించేస్తారు. నేల మీద ఎంత దూరం వదిలినా వస్తుంది, నీళ్ళు దాటిస్తే దారి మరిచిపోతుందని నమ్మకం. కాలువైనా సరే, గోదావరి పాయైనా సరే. చంపిన పాపమూ రాదు, పెంచిన బరువూ ఉండదు. ఇంత సుఖమైన పద్ధతి మనుషులు మరొకటి కనిపెట్టలేదు. మా తోటలో కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చిన మనిషికి గోనె అందించాను. "ఆయ్, కాలవ దాటించేత్తానండి," అన్నాడు. అన్నమాట ప్రకారం దాటించాడు. వంతెన దాటగానే కనిపించిన మొదటి నీడలో, ఆ పాత కొబ్బరి కొట్టు వసారాలో, దింపేసి పోయాడు. ఆ కొట్టు వెనకవైపే నర్సమ్మగారి ఇల్లు.

నేను చేసిన పొరపాటు ఇంకొకటి ఉంది. మా వైపు రైతుల ఇళ్ళలో గోనెలకి గుర్తులు ఉంటాయి. మిల్లులో ఒకరి బియ్యం ఒకరికి పోకుండా, ఇంటిపేరు అక్షరం, యజమాని పేరు అక్షరం రంగుతో వేయిస్తాం. నేను పిల్లిని పంపిన గోనె మీద అరచెయ్యంత అక్షరాలు రెండు, నీలిరంగులో, మావి. దొంగతనం చేసి ఇంటి చిరునామా వదిలి వచ్చినట్టయింది. లెక్కల టీచరునండీ నేను.

పదిహేను రోజుల తర్వాత నర్సమ్మగారు మా ఇంటికి వచ్చారు. చేతిలో మడత పెట్టిన గోనె. ఉతికి, ఎండబెట్టి, నాలుగు మడతలు పెట్టి, పైకి అక్షరాలు కనబడకుండా లోపలికి తిప్పి తెచ్చారు.

"ఇది మీదేమోనండి. మా దగ్గరుండిపోయింది. శుభ్రంగా ఉతికేను, వడ్లకి పనికొస్తది," అన్నారు.

"అవునండీ, ఎక్కడ పోయిందా అనుకుంటున్నాం," అన్నాను నేను. నా నోరు తడుముకోలేదు.

కాఫీ ఇచ్చాను. అప్పటికి అత్తగారు లేరు, ఆ గూడూ లేదు, మా గ్లాసులోనే ఇచ్చాను. ఆవిడ మెల్లిగా తాగుతూ చెప్పారు, ఎవరో వసారాలో పిల్లిని వదిలేరనీ, అది గోనెలోనే ఈనిందనీ, మూడు పిల్లలు బతికాయనీ, ఒకటి దక్కలేదనీ. "తల్లి మాత్రం మనిషిని దగ్గరికి రానివ్వట్లేదండీ. ఇళ్ళల్లో పెరిగిందే, చూస్తే తెలుస్తది. ఏదో మనసు కష్టపడింది," అన్నారు. నా కళ్ళలోకి చూసి అనలేదు. గ్లాసులోకి చూసి అన్నారు. తాగడం అయ్యాక గ్లాసు కడగబోతే నేను లాక్కున్నాను. ఆ రోజు నేను చేసిన మర్యాద అంతే.

కొట్టు అలా మొదలైంది. తర్వాత ఎవరు వచ్చి, "ఈ పని ఎలా మొదలెట్టేరండీ?" అని అడిగినా ఆవిడ జవాబు ఒకటే. "ఎవరో ఒక గోనె వదిలేరండీ. విప్పితే పని కనబడింది." పేపరువాళ్ళు వచ్చినప్పుడూ అదే చెప్పారు, బడి పిల్లలు చూడడానికి వచ్చినప్పుడూ అదే చెప్పారు. నేను పక్కనే ఉండేదాన్ని. తొమ్మిదేళ్ళు ఆ 'ఎవరో' అన్న మాట పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అక్కడికి నేను వెళ్ళడం మొదలుపెట్టింది ప్రేమతో కాదు. ఆవిడ చెప్పేస్తారేమోనని కాపలా కాయడానికి. రెండు మూడు సార్లు వెళ్ళేసరికి నాకొక పని అంటగట్టారు. "నా దస్తూరీ పశువుల డాక్టరుగారికి అర్థమవట్లేదండీ. మీరు బల్ల మీద రాసినట్టు కాస్త రాసి పెడుదురూ." అలా నేను కేసు షీట్లు రాసే మనిషినయ్యాను. ఆసుపత్రి పద్ధతి ఆవిడ వదల్లేదు. జంతువులకి పేర్లు పెట్టలేదు, బెడ్డు నంబర్లు ఇచ్చారు. ఒక్కో బెడ్డుకి ఒక అట్ట, అట్టకి ఒక షీటు: ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏం జబ్బు, ఏం తిన్నది. "పేరు పెడితే అది మనదైపోద్దండీ. ఇంకొకళ్ళకి ఇవ్వబుద్ధి కాదు," అనేవారు.

పాత షీట్లన్నీ నా చేత తిరగరాయించారు. మొట్టమొదటిది ఒకటో బెడ్డు. చారల పిల్లి, తెల్లటి గొంతు. ఆవిడ చెబుతుంటే రాస్తున్నాను. 'తెచ్చినవారు' అన్న గడి దగ్గర కలం ఆగింది.

"ఎవరని రాయమంటారు?" అన్నాను.

"ఖాళీగా ఉంచండి," అన్నారు. "పర్లేదండి. కొన్ని ఖాళీగానే ఉంటాయి."

పని పద్ధతి కొంచెం చెబుతాను, ఎందుకంటే చాలామంది ఆవిడ ఏదో పుణ్యానికి పిల్లులకి పాలు పోసే ముసలావిడ అనుకున్నారు. పాలు అసలు పోసేవారు కాదు, విరేచనాలవుతాయని. వీధి పిల్లుల్ని పట్టడానికి బోనులో ఎండు మెత్తళ్ళ చేపలు పెట్టేవారు. తలుపు పడగానే బోను మీద గుడ్డ కప్పాలి, చీకటి పడితే పిల్లి స్థిమితపడుతుంది. ఆ గుడ్డలు ఆవిడ పాత డ్యూటీ చీరలు. ముప్పయ్యేళ్ళు కట్టిన తెల్లచీరలు ముక్కలు చేసి అందుకు వాడారు. గురువారం పశువుల డాక్టరుగారు వచ్చేవారు. మత్తులో ఉండగానే ఆపరేషను, ఎడమ చెవి కొస కాస్త కత్తిరింపు. అది గుర్తు. మళ్ళీ పొరపాటున పట్టి కోయకుండా. నాలుగు రోజులు కనిపెట్టి, ఎక్కడ పట్టామో అక్కడే వదిలేవారు.

"అక్కడే ఎందుకండీ? పీడ వదిలిందనుకుంటే మళ్ళీ తెచ్చేరేంటి?" అని సంత వీధివాళ్ళు దెబ్బలాడారు ఒకసారి.

"దీన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి కొత్తవి రెండొస్తాయండి, అవి ఈనతాయి. ఇదుంటే రానివ్వదు, ఇది ఈనదు. మీకు ఏది కావాలో చెప్పండి," అన్నారు. వాళ్ళకి లెక్క అర్థమైంది. నా క్లాసులో అర్థంకానివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ గుంపులో ఉన్నారు, వాళ్ళకి కూడా.

పసికూనల్ని చిన్నప్పుడే చేతికి అలవాటు చేసి ఇళ్ళకి ఇచ్చేవారు. ఊరికే కాదు. ముందు ఆ ఇంటికి వెళ్ళి చూసేవారు. నన్ను కూడా వెంటబెట్టుకెళ్ళేవారు. వాళ్ళు పకోడీలు పెట్టేవారు, ఈవిడ నూతికి వల ఉందా లేదా చూసేవారు. ఓడలరేవు వైపు అద్దెకుండి, బదిలీ అయి, ఖరీదైన కుక్కని గేటుకి కట్టి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. అలా వచ్చిన పొడుగుజుట్టు కుక్కకి వారం రోజులు ఏ బండి చప్పుడైనా తోక ఊగేది. దాని గురించి ఆవిడ ఏమీ అనలేదు. షీటులో మాత్రం 'జబ్బు' అన్న గడిలో నా చేత "ఎదురుచూపు" అని రాయించారు.

చోటు లేకపోతే లేదనేవారు, మొహమాటం లేకుండా. "బెడ్డు ఖాళీ లేదండీ. మీ వసారాలో ఉంచండి, మందు నేనొచ్చి వేస్తాను," అని తెచ్చినవాళ్ళనే నర్సుల్ని చేసేవారు. ఇక చూడలేని బాధ పడుతున్న ప్రాణికి డాక్టరుగారి చేత సూది వేయించింది నాకు తెలిసి రెండుసార్లు. రెండుసార్లూ ఆవిడే ఒళ్ళో పెట్టుకున్నారు. రెండుసార్లూ ఆ పూట అన్నం తినలేదు. మామూలప్పుడు మాత్రం ఎవరైనా, "ఎందుకండీ ఈ బాధ, ఒక మాత్ర పడేస్తే పోద్ది కదా," అంటే, "ప్రసవాలు చేసిన చేతులండీ. రెండో పని నేర్చుకోలేదు," అనేవారు.

ఇళ్ళకి పనికిరాని, మనిషిని దగ్గరికి రానివ్వని పెద్ద పిల్లుల్ని ఏం చేయాలన్నది ఆవిడకి పెద్ద చిక్కు. దానికి దారి కొబ్బరి గోడౌన్లలో దొరికింది. మా షావుకారుగారి గోడౌన్లో ఎలకల బాధ ఎక్కువ. కొబ్బరి ముక్కలకి మందు పూసి పెట్టేవారు. ఎలకలు చచ్చేవి, వాటిని తిన్న పిల్లులూ చచ్చేవి, మళ్ళీ ఎలకలు పెరిగేవి. నర్సమ్మగారు ఆయన దగ్గరికి వెళ్ళి, "మందు మానండి, నేను ఇద్దరు గుమాస్తాల్ని ఇస్తాను," అన్నారు. మూడు వారాలు గోడౌన్లోనే బోనులో ఉంచి, అక్కడే అన్నం పెట్టి, చోటు అలవాటయ్యాక తలుపు తీశారు. "కొత్త కోడలికైనా అంత టైము పడుతుంది కదండీ," అన్నారు. ఆ గుమాస్తాల్లో ఒకటి గొంతు మీద చుక్క ఉన్న చారల పిల్లి. గోనెలో పుట్టి బతికిన మూడు పిల్లల్లో అది చివరిది. షావుకారుగారికి దాని మీద ఎంత గురి అంటే, లారీలు లోడయ్యేటప్పుడు అది అటక మీద కూర్చుంటే తప్ప ఆయన పని మొదలుపెట్టనివ్వరు. ఆవిడ అడగ్గానే పాత కొట్టుని వాడుకోమని ఇచ్చింది కూడా ఆయనే.

ఒకటో బెడ్డు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఏ బోనులోనూ ఉండేది కాదు. ఎడమ చెవి కొస పోయి, వసారా పిట్టగోడ మీద కూర్చునేది. అన్నం పెట్టి వెనక్కి నాలుగడుగులు వేస్తేనే దిగేది. నేను కనబడితే నాలుగు కాదు, గుమ్మం దాటి వెళ్ళాలి. ఎనిమిదేళ్ళు నేను దానికి మెత్తళ్ళు పట్టుకెళ్ళాను. ఒకసారి విసిగిపోయి నర్సమ్మగారితో, "ఇంత విశ్వాసం లేని జాతిని చూడలేదు," అన్నాను.

ఆవిడ బోను కడుగుతున్నారు. తల ఎత్తలేదు. "మచ్చిక అవ్వకపోతే తప్పు కాదండీ. కొందరికి చెయ్యి తగలకూడదు. అన్నం తగిలితే చాలు," అన్నారు.

నిరుడు నన్ను అక్కడి కుక్క కరిచింది. పదకొండో బెడ్డు. తోక తొక్కాను, తప్పు నాదే, కాని ఆ క్షణంలో నాకు అలా అనిపించలేదు. "దాన్ని చంపించండి," అని అరిచాను. ఆవిడ మాట్లాడకుండా నన్ను కుళాయి కింద కూర్చోబెట్టి, సబ్బుతో పావుగంట నా పిక్క రుద్దారు. తర్వాత ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి దగ్గరుండి ఇంజెక్షన్లు వేయించారు. కుక్కని విడిగా కట్టారు. పది రోజులు అది ఆరోగ్యంగా ఉంటే దానికి పిచ్చి లేనట్టు. నా ఇంజెక్షన్లు ఎలాగూ ఆగవు. ఆ పది రోజులూ పొద్దున్నే మా ఇంటికి నడిచి వచ్చి, గుమ్మంలోంచే కబురు చెప్పేవారు.

"పదకొండో బెడ్డు ఇవాళ పెరుగన్నం తిందండి."

"నా కాలు ఎలా ఉందని అడగరేం? దాని భోజనం సంగతి నాకెందుకు?"

"అది తింటే మీరు బాగున్నట్టేనండీ."

పదకొండో రోజు నేనే వెళ్ళి దాన్ని చూశాను. తోక ఊపింది. దాని వరకు కేసు అయిపోయింది.

ఆవిడ పోయిన మూడో రోజు వాళ్ళింట్లో ఆదరణ కూడిక పెట్టారు. రాజోలు నుంచి చెల్లెలు వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. టీలు తాగుతుండగా కొట్టు సంగతి వచ్చింది. రావాలి కదా, గోడకి అవతల నుంచి అరుపులు వినబడుతూనే ఉన్నాయి. లోపల ఇరవై పైచిలుకు పిల్లులు, తొమ్మిది కుక్కలు.

"ఇయ్యన్నీ ఏం చేస్తారండీ ఇప్పుడు?" అంది చెల్లెలు. "నేనా రాజోలు తీసుకెళ్ళలేను."

షావుకారుగారు మంచి మనిషి. ఆ మూడు రోజులూ గోడౌన్ పనివాళ్ళని పంపి అన్నం పెట్టించింది ఆయనే. ఆయన గొంతు సవరించుకుని, "చూసే మనిషి లేకుండా కట్టి ఉంచడం పాపమండి. చంపేవాళ్ళం కాదు మనం. ఓ వ్యాను మాట్లాడి గోదావరి దాటించేద్దామండి. కపిలేశ్వరపురం లంకల్లో వదిలితే ఎలకల్ని తిని బతుకుతాయి. నీళ్ళు దాటితే తిరిగి రావు కదండీ," అన్నారు.

తలలు ఊగాయి. పశువుల డాక్టరుగారు ఏదో అనబోయి ఆగారు, ఆయన ఉద్యోగం బదిలీల ఉద్యోగం. ఆ నిమిషం ఎవరూ మాట్లాడకపోతే సాయంత్రానికి వ్యాను వచ్చేది. ఆవిడ తొమ్మిదేళ్ళ పని గోనెల్లోకి ఎక్కి, ఏ గోనెలోంచి మొదలైందో అక్కడికే పోయేది. పెరటి గూటి దగ్గర ఊరుకున్నట్టు ఇప్పుడూ ఊరుకోవచ్చు. నాకు అలవాటే.

లేచి నిలబడ్డాను. టీచరు లేచి నిలబడితే మా ఊళ్ళో ఇంకా మాటలు ఆగుతాయి.

"తిరిగి వస్తాయి," అన్నాను. "నేను దాటించి చూశాను. తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడ వసారాలో గోనె వదిలింది ఎవరో కాదు. నేను. చూలుతో ఉందని తెలిసే పంపాను."

షావుకారుగారి చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. "మీరాండీ?"

"ఆయ్. నేనే."

"నర్సమ్మగారికి తెలుసాండీ?"

"గోనె ఉతికి, మడతపెట్టి, ఇంటికి తెచ్చి ఇచ్చారు. మా అక్షరాలు లోపలికి తిప్పి. తిరిగి వచ్చిందన్నది ఆ గోనె."

చెల్లెలు చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, "మా అక్క అంతేనండి. ఇంట్లో కూడా ఎవరేం తప్పు చేసినా, ముందు బట్టలుతికేది," అంది.

నేను షావుకారుగారి వైపు తిరిగాను. "లంకల్లో కూడా మనుషులున్నారు. మనకి అది అవతలి గట్టు, వాళ్ళకి మనది అవతలి గట్టు. ఈ మాట నాది కాదు, ఆవిడది. మీ గోడౌన్లో గొంతు మీద చుక్కున్న గుమాస్తా ఎక్కడ పుట్టిందనుకుంటున్నారు? ఆ గోనెలోనే. ఆవిడ కూడా మీలాగే ఇంకో కాలువ దాటించేసి ఉంటే, మీ కురిడీలు ఎలకలు తినేవి."

ఆయన చాలాసేపు టీ గ్లాసులోకి చూశారు. మా ఊళ్ళో నిజం చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ గ్లాసులోకే చూస్తారు. "కొట్టు ఎక్కడికీ పోదండి," అన్నారు చివరికి. "ఉన్నంత కాలం ఉండనివ్వండి. కాని చూసేది ఎవరండీ?"

దానికి జవాబు నేను ఆ వారంలోనే రాసిచ్చాను. ఆవిడ దగ్గర కూనల్ని పెంచుకోవడానికి తీసుకెళ్ళినవాళ్ళ చిరునామాలన్నీ కేసు షీట్లలో నా దస్తూరీలోనే ఉన్నాయి. ఇంటింటికీ వెళ్ళాను. "వారానికో పూట," అన్నాను. కాదన్నవాళ్ళు ఇద్దరే, వాళ్ళిద్దరూ నా పాత విద్యార్థులు, రెండోసారి అడగ్గానే ఒప్పుకున్నారు. బడి టైంటేబుల్ లాగా గీసి గోడకి అంటించాను. మందులు డాక్టరుగారు, అన్నం షావుకారుగారి గోడౌన్ నుంచి, గురువారం ఆపరేషన్లు మామూలే. బోనుల మీద కప్పడానికి తెల్లచీర ముక్కలు ఇంకా ఉన్నాయి. అవి చిరిగిపోతే ఏం కప్పాలో తర్వాత ఆలోచిస్తాం. పొద్దున్న పూటలు నావి. డెబ్బై దాటినదానికి వేరే పనేముంది, మా మనవరాలికి ఎక్కాలు చెప్పడం తప్ప. అది కూడా ఇప్పుడు కాలిక్యులేటరుదే.

మొదటి రోజు నేను రెండు పనులు చేశాను. ఒకటో బెడ్డు అట్ట తీసి, 'తెచ్చినవారు' అన్న గడిలో నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. అటక మీంచి ఆ గోనె దింపి తెచ్చాను. తొమ్మిదేళ్ళుగా అందులో వడ్లు పోయించలేదు. కారణం మా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నీలిరంగు వెలిసిపోయింది గాని అక్షరాలు చదవడానికి వస్తాయి. ఈసారి అక్షరాలు పైకి ఉండేలా పిట్టగోడ మీద పరిచాను. వానాకాలం, రాయి చల్లగా ఉంటుంది.

చారల పిల్లి గోడ చివరి నుంచి చూసింది. మూతి దగ్గర తెల్లబడింది, నాలాగే. మెల్లిగా వచ్చి గోనెని వాసన చూసింది. దాని మీద ఎక్కలేదు. పక్కనే, వట్టి రాతి మీద, కాళ్ళు మడిచి కూర్చుంది. నేను మెత్తళ్ళ పళ్ళెం పెట్టి, గుమ్మం దాటి వెళ్ళాలని వెనక్కి నడవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుమ్మం ఇంకా చాలా దూరం ఉంది. అప్పటికే అది తినడం మొదలుపెట్టింది, ముఖం కాలువ వైపు పెట్టి, ఆ కొసలేని చెవి మాత్రం నా వైపు తిప్పి.